పిల్లల కోసం ఊళ్లో పనిచేస్తున్నవాళ్లు లీడర్‌షిప్ ఫెలోషిప్‌కి ఎలా అప్లై చేయాలి?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. గద్వాల వైపు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నాలుగేళ్లుగా ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేస్తున్నారు. సీడ్ పత్తి (విత్తనం కోసం వేసే పత్తి) చేన్లకు పనికి పోయే ఆడపిల్లల్ని బడికి తేవడం, బాల్యవివాహాలు ఆపించడం మీ పని. తెలుగు మీడియంలో డిగ్రీ చేశారు. పిల్లలు, కుటుంబాల కోసం పనిచేసే కమ్యూనిటీ లీడర్లకు ఇచ్చే ఫెలోషిప్‌ల గురించి విన్నారు. అప్లై చేయాలని ఉంది, కానీ "నేనేం లీడర్‌ని? ఇంగ్లిష్ సరిగా రాదు, అవార్డులు లేవు" అని రాశారు. ఫామ్‌లో ఏం రాయాలి, లెటర్లు ఎవరి దగ్గర తీసుకోవాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, ఇప్పుడొచ్చే జీతం వదులుకోవాలా అని అడిగారు. నేను పాలమూరు ప్రాంతంలో బడి మానేసిన పిల్లల్ని మళ్లీ బడికి తయారుచేసే బ్రిడ్జి కోర్సు క్యాంపులో టీచర్‌గా మొదలుపెట్టి, తర్వాత ఒక ఫెలోషిప్ చేసి, కొన్నేళ్లుగా ఇలాంటి అప్లికేషన్లు చదివే ప్యానెళ్లలో కూర్చుంటున్నాను. అందుకే కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఏ ఫెలోషిప్ మీకు సరిపోతుందో తేల్చుకోవాలి. ఈ పేరుతో మన దేశంలో రెండు రకాలు నడుస్తున్నాయి. ఒక రకం యువతను కొత్త చోటికి పంపి పని నేర్పిస్తుంది. టీచ్ ఫర్ ఇండియా 2009లో మొదలైంది, హైదరాబాద్‌లో కూడా ఉంది. అందులో చేరితే రెండేళ్లు పూర్తికాలం తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలు చదివే బడిలో పాఠాలు చెప్పాలి. గాంధీ ఫెలోషిప్ కూడా రెండేళ్లదే, కొత్తగా డిగ్రీ పూర్తయినవాళ్ల కోసం. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలలు ఉంటుంది. 21 నుంచి 32 ఏళ్ల మధ్య ఉన్న పట్టభద్రులు ఏదో ఒక గ్రామీణ ప్రాంతానికి వెళ్లి అక్కడి స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేస్తారు. మూడూ మంచివే. కానీ మీరు ఇప్పటికే ఒకచోట వేళ్లూనుకున్నారు. మిమ్మల్ని అక్కడి నుంచి పెరికి ఇంకో రాష్ట్రంలో నాటితే మీకూ లాభం లేదు, మీ ఊళ్లకూ లాభం లేదు.

మీకు కావలసింది రెండో రకం. మీరున్న చోటే ఉంటారు, చేస్తున్న పనే చేస్తారు. ఫెలోషిప్ మీకు శిక్షణ, తోటి ఫెలోల సాయం, కొన్నిట్లో కొంత డబ్బు ఇస్తుంది. అక్యుమెన్ అనే అంతర్జాతీయ సంస్థ వాళ్ల ఇండియా ఫెలోషిప్ ఉద్యోగం చేసుకుంటూనే చేసేది. ముంబైకి చెందిన కోరో సంస్థ మహారాష్ట్రలో బస్తీల నుంచి, పల్లెల నుంచి వచ్చినవాళ్లనే తీసుకుని తయారు చేస్తుంది. ఆ పద్ధతి గురించి మీరు తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. సమాజంలో మార్పు తెచ్చేవాళ్లకు ఫెలోషిప్ ఇచ్చే, 1980లో మొదలైన అశోకా సంస్థ పేరు వినే ఉంటారు. వాళ్లు ముఖ్యంగా చూసేది ఆలోచన కొత్తదా, అది ఒక ఊరు దాటి పాకుతుందా, ఆ మనిషి నిజాయితీ ఎలాంటిది అని. నామినేషన్ దగ్గర మొదలై అనేక దశలుగా సాగే ఎంపిక అది. మీరు ఇంకో నాలుగైదేళ్లు పనిచేశాక ఆలోచించవచ్చు.

ఫోన్‌లో కనిపించే ప్రతి ప్రకటనా మనకు వర్తించదు. ఉదాహరణకి, అమెరికాకు చెందిన కెలాగ్ ఫౌండేషన్ వాళ్ల కమ్యూనిటీ లీడర్‌షిప్ నెట్‌వర్క్ గురించి చాలామంది నన్ను అడిగారు. పిల్లలు, కుటుంబాలు, సమాజం అన్న మాటలు చూసి ఇది మన కోసమే అనుకుంటారు. అది ప్రధానంగా అమెరికాలోని మిషిగన్, మిసిసిప్పీ, న్యూ మెక్సికో రాష్ట్రాల్లో, న్యూ ఆర్లీన్స్ నగరంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టింది. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉంటూ అక్కడి పిల్లల కోసం పనిచేస్తున్న తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే వాళ్లు చూసుకోవచ్చు. అర్హత అన్న భాగం ముందు చదవండి, మిగతా పేజీ తర్వాత. అప్లికేషన్ ఫీజు కట్టమంటే అక్కడితో వదిలేయండి. నాకు తెలిసిన మంచి ఫెలోషిప్ ఏదీ దరఖాస్తు పెట్టుకోవడానికి డబ్బు తీసుకోదు.

ఇక అసలు సంగతికి వస్తాను. "నేనేం లీడర్‌ని" అన్నారు కదా. ప్యానెల్‌లో మేం చదివేటప్పుడు వెతికేది ఒకటే: ఈ మనిషి వల్ల ఇంకెవరు కదిలారు? మీరు ఎన్ని ఇళ్లు తిరిగారు, ఎన్ని మీటింగులు పెట్టారు అన్నది రెండో విషయం. మీరు జ్వరమొచ్చి వారం మంచం మీద ఉంటే, ఆ వారంలో ఒక పిల్ల బడి మానేస్తే, ఆ సంగతి పట్టించుకునేవాళ్లు ఊళ్లో ఎవరున్నారు? పదో తరగతి చదివే పిల్ల అమ్మకు ఫోన్ చేసే అంగన్‌వాడీ టీచర్ ఉందా? కూలీలను కుదిర్చే మేస్త్రితో మాట్లాడే వార్డు మెంబర్ ఉన్నాడా? ఉంటే మీరు లీడరే. అప్లికేషన్ మొత్తం ఆ మనుషుల చుట్టూ రాయండి. లేకపోతే ఈ ఏడాది అప్లై చేయకుండా, ముందు ఆ ఒకరిద్దర్ని తయారు చేసుకోండి. ఇది కటువుగా అనిపించవచ్చు, కానీ ప్యానెల్లో ప్రతిసారీ చర్చ చివరికి ఇక్కడికే వస్తుంది.

ఇలాంటి నాయకత్వానికి మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రోశమ్మ గారు, ఆమెతోటి ఆడవాళ్లు సారా దుకాణానికి అడ్డం నిలబడ్డారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూ తమ ఇళ్ల సంగతే మాట్లాడుకున్న ఆడవాళ్లు వాళ్లు. పిల్లల తిండి డబ్బు సారా పాకకు పోతోందని వాళ్లకు ఎవరూ లెక్కలు వేసి చూపించలేదు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. రోశమ్మ గారి దగ్గర డిగ్రీలు లేవు, ఇంగ్లిష్ లేదు. ఆమె ఒక్కరే చేసి ఉంటే అది దూబగుంటలోనే ఆగిపోయేది. అలాగే శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల మీద పనిచేసిన తీరు చూడండి. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుల కిందే లెక్క అని వాళ్లు తేల్చి చెప్పారు. ఆ ఒక్క మాటతో, "మా అమ్మాయి పనికి పోవట్లేదు, ఇంట్లోనే ఉంటోంది" అనే సాకు పోయింది. పనిని ముందుకు తీసుకెళ్లింది మాత్రం ఊరి యువకులు, సర్పంచులు, బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడిన ప్రభుత్వ టీచర్లు. శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ పేరు వెనుక ఎంతమంది ఉన్నారో బ్రిడ్జి క్యాంపుల్లో పనిచేసినవాళ్లకు బాగా తెలుసు.

ఇప్పుడు ఫామ్. దాదాపు అన్ని ఫామ్‌లలోనూ ప్రశ్నలు ఇలాగే ఉంటాయి: మీరు పరిష్కరించాలనుకుంటున్న సమస్య ఏమిటి, ఇప్పటివరకు ఏం చేశారు, ఫెలోషిప్ కాలంలో ఏం చేస్తారు, మిమ్మల్ని మేం ఎందుకు తీసుకోవాలి. వీటిలో మొదటిదే ఎక్కువమంది పాడు చేసుకుంటారు. సాధారణంగా వచ్చే జవాబు ఇలా ఉంటుంది: "వెనుకబడిన ప్రాంతంలో అణగారిన వర్గాల బాలికల సాధికారత, సమగ్రాభివృద్ధి కోసం గత కొన్నేళ్లుగా అంకితభావంతో కృషి చేస్తున్నాను." ఈ వాక్యం ఆదిలాబాద్ నుంచి రావచ్చు, అనంతపురం నుంచి రావచ్చు, ఒడిశా నుంచీ రావచ్చు. చదివినవాళ్లకు ఒక్క పిల్ల కూడా కనిపించదు.

మీకు తెలిసినదాన్ని మీ ఇంటి పక్కావిడకు చెప్పినట్టు చెప్పండి. సీడ్ పత్తి గురించి మీకు తెలిసినంత ఆ ప్యానెల్‌లో ఎవరికీ తెలియదు. సాయంత్రం పూట ఆడమొక్కల మొగ్గల్లోంచి కేసరాలు గిల్లేయాలి, మర్నాడు పొద్దున మగపూలు తెచ్చి రుద్దాలి. పూత ఉన్నన్నాళ్లు, అంటే రెండు మూడు నెలలు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఆగితే ఆ రోజు పూలకు కావలసిన గింజ కట్టదు. అందుకే ఈ పనికి కుదిరిన పిల్ల ఒక రోజు బడికి, ఒక రోజు చేనికి అని పంచుకోలేదు, మొత్తానికే బడి మానేస్తుంది. బడులు జూన్‌లో తెరుస్తారు, పిల్లలు కాస్త కుదురుకునేసరికి ఈ పూలు రుద్దే పని, అంటే క్రాసింగ్, మొదలవుతుంది. తల్లిదండ్రులు ముందే అడ్వాన్స్ తీసుకుని ఉంటారు. రైతుకు కంపెనీ నేరుగా కనిపించదు, మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. గింజ రేటు అతను చెప్పిందే. ఆ రేటులో పెద్దల కూలి గిట్టదని రైతు పిల్లల్ని పెట్టుకుంటాడు. ఈ గొలుసు ఇలా విప్పి చెప్తే, సమస్య "తల్లిదండ్రులకు అవగాహన లేకపోవడం" కాదని చదివేవాళ్లకే అర్థమవుతుంది. అవగాహన లేదు అని రాసిన అప్లికేషన్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. చాలాసార్లు ఆ తల్లికి బడి విలువ మనకంటే బాగా తెలుసు. అడ్వాన్స్ ఎలా తీర్చాలో తెలియక పంపిస్తుంది.

కాబట్టి మీ జవాబు ఇలా మొదలు కావచ్చు: "మా మండలంలో సీడ్ పత్తి క్రాసింగ్ మొదలైన నెలలో హైస్కూల్లో ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఆడపిల్లల హాజరు పడిపోతుంది. నేను పనిచేసే ఊళ్లలో జూన్ చివర్లో ఇంతమంది వస్తే సెప్టెంబర్ మొదట్లో ఇంతమందే వచ్చారు. మానేసినవాళ్లలో ఇంతమంది ఇళ్లలో అడ్వాన్స్ తీసుకున్నారు." ఆ ఖాళీల్లో అంకెలు మీ హాజరు రిజిస్టర్‌లోంచి నింపండి. హెడ్మాస్టర్‌ను అడిగితే చూడనిస్తారు. మూడు ఊళ్ల లెక్కయినా చాలు, మీరు చూసిన లెక్క కావాలి.

పెద్ద అంకెలు కావాలంటే ఒకటి రెండు వాడుకోండి, అంతకుమించి వద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లైనవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. అంగన్‌వాడీ, పోషణ మీద పనిచేసేవాళ్లయితే అదే సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రలో 31.2 శాతం అని ఉంది. ఇలాంటివి ఒక వాక్యంలో చెప్పి వెంటనే మీ ఊరికి దిగండి. ఒక పేజీ నిండా రాష్ట్రం లెక్కలు ఉంటే, రాసినవాళ్లు ఊరు చూడలేదేమోనన్న అనుమానం వస్తుంది.

"ఇప్పటివరకు ఏం చేశారు" దగ్గర అందరూ సంఖ్యలు కుప్ప పోస్తారు. ఇన్ని ర్యాలీలు, ఇన్ని అవగాహన సదస్సులు, ఇంతమంది లబ్ధిదారులు. వాటి బదులు ఒకే ఒక్క సంఘటన మొదటినుంచి చివరిదాకా రాయండి. ఒక పెళ్లి ఆపారనుకుందాం. ఆ సంగతి మీకు ఎవరు చెప్పారు? క్లాస్‌మేట్ చెప్పిందా, ఆశా వర్కర్ చెప్పిందా? మీరు ముందు ఎవరి దగ్గరకు వెళ్లారు? పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరు ఫోన్ చేశారు? అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్ వచ్చారా, పోలీసులు వచ్చారా? పెళ్లివాళ్లు ఏమన్నారు? ముఖ్యంగా, ఆ తర్వాత ఏమైంది? పెళ్లి ఆగిన మర్నాటి నుంచి ఆ పిల్లకు ఇంట్లో ఎలా గడిచింది, ఆరు నెలల తర్వాత ఎక్కడుంది, కస్తూర్బా విద్యాలయంలో సీటు దొరికిందా, లేక పక్క జిల్లాకు తీసుకెళ్లి గుట్టుగా పెళ్లి చేసేశారా? చాలా అప్లికేషన్లలో కథ పెళ్లి ఆగడంతో ముగుస్తుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుందని తెలిసినవాళ్లు రాసిన అప్లికేషన్‌ను ప్యానెల్ పక్కన పెట్టలేదు. ఫలితం బాగా రాకపోయినా రాయండి. ఎక్కడ చేయి దాటిపోయిందో తెలిసిన మనిషికి రెండేళ్లు అప్పగించడానికి ఎవరూ వెనకాడరు.

పనిలో ప్రభుత్వం ఎక్కడుందో కూడా చూపించాలి. ప్రభుత్వంతో సంబంధం లేనట్టు రాస్తే చదివేవాళ్లకు నమ్మకం కుదరదు. పిల్లల విషయంలో ఊళ్లో ఉన్న యంత్రాంగం చిన్నదేమీ కాదు. అంగన్‌వాడీ, ఆశా, గ్రామ బాలల పరిరక్షణ కమిటీ, జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ, జిల్లా బాలల పరిరక్షణ యూనిట్. మహిళా సంఘాలు, వాటి గ్రామ సంఘం. 2024 నుంచి తెలంగాణ బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, వాటిలో మహిళా సంఘాల వాళ్లకే ముఖ్య స్థానం. ఇది మీలాంటివాళ్లకు చాలా పెద్ద అవకాశం. బడి మరమ్మతులు చూసుకునే ఆ కమిటీ, క్రాసింగ్ నెలల్లో హాజరు కూడా చూసుకునేలా చేస్తాను అని మీరు రాస్తే అది ఒక నిజమైన ప్రణాళిక. కాగితం మీద ఉన్న కమిటీని కూర్చోబెట్టి మాట్లాడించడం కొత్త సంస్థ పెట్టడం కంటే కష్టమైన పని, కానీ మీరు వెళ్లిపోయినా నిలిచేది అదే. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి డబ్బు రావాలంటే పెళ్లికూతురికి 18 నిండాలి అన్న నిబంధనను మీరు తల్లులతో మాట్లాడేటప్పుడు ఎలా వాడుతున్నారో కూడా ఒక వాక్యం రాయండి. ఊరి మాటల్లో పనికొచ్చేవి అలాంటి వివరాలే.

"ఏం చేస్తారు" అన్న ప్రశ్నకు ఒక మండలం కంటే ఎక్కువ రాయకండి. జిల్లా అంతా బాలకార్మికులు లేకుండా చేస్తానని రాసినవాళ్లను ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాల్లోనే అడుగుతారు, ఎలా అని. మీరు ఏ ఊళ్లు తీసుకుంటారు, ఏ నెలలో ఏం జరగాలి, పంట క్యాలెండర్‌కూ బడి క్యాలెండర్‌కూ మీ పని ఎలా కుదురుతుంది, ఇవి రాస్తే చాలు. అడ్వాన్సులు ఇచ్చే కాలం క్రాసింగ్ కంటే ముందే వస్తుంది కాబట్టి ఇళ్లకు వెళ్లి మాట్లాడాల్సింది అప్పుడే. గ్రామ సంఘం నుంచి తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించి, మేస్త్రి అడ్వాన్స్ అవసరం లేకుండా చేయగలరా? కొన్ని ఇళ్లకైనా ప్రయత్నించి చూస్తానని రాయండి. ఆర్గనైజర్లతో, రైతులతో ఎవరు మాట్లాడతారో కూడా చెప్పండి. వాళ్లతో మాట్లాడడానికి భయం ఉంటే ఆ భయం గురించి నిజమే రాయండి. ఫెలోషిప్ నుంచి మీకు ఏం సాయం కావాలో అక్కడే స్పష్టంగా తేలుతుంది: చట్టం మీద శిక్షణా, పై అధికారులతో పరిచయమా, లెక్కలు రాయడం నేర్పించేవాళ్లా అని.

ఇప్పుడు చెప్పేది మాత్రం దయచేసి వదిలేయకండి. పిల్లల పేర్లు, ఫోటోలు, గుర్తుపట్టగలిగే వివరాలు ఫామ్‌లో గానీ, వీడియోలో గానీ పెట్టకండి. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. లైంగిక వేధింపుల కేసులైతే 2012 పోక్సో చట్టం కింద ఇది ఇంకా తీవ్రమైన విషయం. పేరు మార్చామని చెప్పి ఊరి పేరు, బడి పేరు, కులం, తండ్రి పని అన్నీ రాస్తే ఆ పిల్ల ఎవరో ఆ ఊరివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అప్లికేషన్లు కొన్నిసార్లు వెబ్‌సైట్లలోకి, వార్షిక నివేదికల్లోకి వెళ్తాయి. పెళ్లి ఆగిన పిల్ల ఇంకా ఆ ఊళ్లోనే బతకాలి. ప్యానెల్‌లో నేను అప్లికేషన్ పట్టుకోగానే ముందు చూసేది ఇదే. పిల్లల ముఖాలతో నిండిన ఫోటోలు జత చేసినవాళ్ల గురించి నాకు మొదట కలిగేది భయం, ఆ పిల్లల కోసం.

రికమెండేషన్ లెటర్ల దగ్గర మనవాళ్లు ఎమ్మెల్యే చుట్టూ, కలెక్టరాఫీసు చుట్టూ తిరుగుతారు. అవి పెద్దగా పనికిరావు. పెద్ద అధికారి రాసిన లెటర్‌లో మీ పేరు తప్ప మీ గురించి ఏమీ ఉండదు. మీతో కలిసి ఒక కష్టమైన రోజు గడిపినవాళ్లను అడగండి. హైస్కూల్ హెడ్మాస్టర్, ఐసీడీఎస్ సూపర్‌వైజర్, గ్రామ సంఘం అధ్యక్షురాలు. సంఘం అధ్యక్షురాలికి రాయడం కష్టమైతే ఆమె చెప్తుంటే ఆమె మాటల్లోనే వేరేవాళ్లు తెలుగులో రాసి, ఆమెతో సంతకమో వేలిముద్రో వేయించండి. రాసే పని మీరు మాత్రం చేయకండి. ఆ లెటర్‌లో ఆమె మీ మీద ఒక ఫిర్యాదు కూడా చేసినా పర్వాలేదు. "ఈమె మా మాట వినకుండా పోలీసుల్ని పిలిచింది, మొదట మాకు కోపం వచ్చింది" అని ఉన్న లెటర్ ఒకటి నేను చదివాను. ఆ ఏడాది నాకు గుర్తున్న లెటర్ అదొక్కటే.

ఇంగ్లిష్ గురించి మీ టెన్షన్ అర్థమవుతోంది. ముందుగా నిర్వాహకులకు ఒక మెయిల్ పెట్టి, తెలుగులో రాయవచ్చా, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చా అని అడగండి. క్షేత్రస్థాయి వాళ్లను తీసుకునే ఫెలోషిప్‌లు దీనికి చాలావరకు దారి చూపిస్తాయి. అడిగినందుకు మార్కులు తగ్గవు. ఇంగ్లిష్‌లోనే కావాలంటే, ముందు మొత్తం తెలుగులో రాసుకోండి. చేత్తో రాస్తే ఇంకా మంచిది, లేదా ఫోన్‌లో మాట్లాడి రికార్డ్ చేసుకోండి. తర్వాత నమ్మకమైనవాళ్లతో మామూలు ఇంగ్లిష్‌లోకి మార్పించండి. వ్యాకరణం తప్పులు ఉన్నా ఏమీ కాదు. ఈమధ్య ఏఐతో రాయించిన అప్లికేషన్లు బాగా వస్తున్నాయి. అన్నిట్లో ఒకే రకం నున్నటి వాక్యాలు, ఒకే రకం ముగింపులు. అనువాదానికి వాడుకోండి, తప్పులేదు. కానీ ఆలోచన దాన్ని అడగకండి. మీ గద్వాల వైపు గట్టు మండలంలో అడ్వాన్స్ ఎప్పుడిస్తారో దానికి తెలియదు, మీకు తెలుసు. పిల్లల వివరాలు అందులో టైప్ చేయకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి. ఆన్‌లైన్ ఫామ్‌లో నేరుగా టైప్ చేయకండి. మీ ఊళ్లో నెట్ పోతే అంతా పోతుంది. వేరే చోట రాసి పెట్టుకుని, అక్షరాల పరిమితి చూసుకుని అతికించండి. గడువు చివరి రోజు రాత్రి సైట్లు మొరాయిస్తాయి, రెండు రోజుల ముందే పంపేయండి.

ఇంటర్వ్యూకి పిలిస్తే పని గురించి ఎలాగూ అడుగుతారు, అది మీరు నిద్రలో లేపినా చెప్పగలరు. తయారు కావలసింది వేరే ప్రశ్నలకు. మీ పనిని ఊళ్లో ఎవరు వ్యతిరేకిస్తున్నారు, వాళ్ల మాటలో న్యాయం ఏముంది? మీరు మనసు మార్చుకున్న విషయం ఏమిటి? ఈ డబ్బు రాకపోయినా వచ్చే ఏడాది ఏం చేస్తారు? మీరు లేకపోతే పని ఎవరు నడుపుతారు? మొదటి ప్రశ్నకు చాలామంది రైతుల్ని దుర్మార్గులుగా చూపించి తప్పించుకుంటారు. రెండెకరాల సీడ్ పత్తి వేసిన రైతు కూడా అప్పుల్లోనే ఉన్నాడని, అతని పిల్లలూ ఆ చేలోనే ఉన్నారని చెప్పగలిగినవాళ్లే అతనితో రేపు మాట్లాడగలరు. కులం గురించి అడిగితే మాట దాటేయకండి. ఏ కులాల పిల్లలు చేనికి పోతున్నారో, ఏ కులాల వాళ్లకు చేన్లు ఉన్నాయో ప్యానెల్‌కు తెలుసు, మీ నోటి నుంచి వినాలనుకుంటారు. తెలియని ప్రశ్న వస్తే తెలియదనండి. చెప్పేటప్పుడు ఎక్కడ "నేను" అనాలో ఎక్కడ "మేము" అనాలో చూసుకోండి. హెడ్మాస్టర్ చేసిన పని హెడ్మాస్టర్ చేసినట్టే చెప్పండి, మీరు ఒంటరిగా చేసిన పని మాత్రం మొహమాటపడకుండా "నేను చేశాను" అనండి. మన ఆడవాళ్లు రెండోది చెప్పడానికి చాలా ఇబ్బంది పడతారు. మీ మెసేజ్‌లో కూడా ఆ ఇబ్బంది కనిపించింది.

జీతం విషయం. ఇది ఫెలోషిప్‌ను బట్టి ఉంటుంది. కొన్ని పూర్తికాలం స్టైపెండ్ ఇస్తాయి, అప్పుడు ఇంకో జీతం తీసుకోకూడదని షరతు ఉండవచ్చు. కొన్ని శిక్షణ ఖర్చులు మాత్రమే భరిస్తాయి, ఉద్యోగం మీకే ఉంటుంది. డబ్బు మీ ఖాతాలోకి వస్తుందా, మీ సంస్థ ఖాతాలోకా అన్నది రాతపూర్వకంగా అడగండి, ముందే పన్ను (టీడీఎస్) పట్టుకుంటారా అన్నదీ అడగండి. విదేశీ నిధి అయి, అది సంస్థకు వచ్చేదైతే మీ సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు మళ్లించడానికి వీల్లేదు, కాబట్టి "పెద్ద సంస్థ ద్వారా ఇప్పిస్తాం" అనే మాట నమ్మి ముందుకెళ్లకండి.

మీ డైరెక్టర్‌గారికి చెప్పకుండా అప్లై చేయాలని ఉందని రాశారు. అలా చేయకండి. నాలుగేళ్ల పని మీరు చేసినా అందులో సంస్థ పేరు, రిజిస్టర్లు, జీతం ఉన్నాయి. రిఫరెన్స్ కోసం ప్యానెల్ ఫోన్ చేసేది వాళ్లకే. ముందే కూర్చుని, ఈ ఫెలోషిప్ వస్తే సంస్థకు ఏం మిగులుతుంది, మీ ఊళ్లు ఎవరు చూస్తారు అని మాట్లాడండి. వద్దని అంటే అది కూడా మీకు తెలియాల్సిన విషయమే, అప్పుడు మీ పేరు మీదే అప్లై చేసి, ఫామ్‌లో ఆ పరిస్థితిని దాచకుండా ఒక వాక్యంలో చెప్పండి.

అలాగే ఇంట్లో. రెండో రకం ఫెలోషిప్‌లలో కూడా కొన్ని రోజుల చొప్పున వేరే ఊళ్లలో శిక్షణకు వెళ్లాలి. మీకు చిన్న బాబు ఉన్నాడన్నారు. బిడ్డను వెంట తెచ్చుకోవచ్చా, తోడుగా అత్తమ్మనో అమ్మనో తెచ్చుకుంటే వసతి ఇస్తారా అని అప్లై చేసేటప్పుడే అడగండి. పిల్లలు, కుటుంబాల కోసం పెట్టిన ఫెలోషిప్ ఈ ప్రశ్నకు ఇబ్బంది పడితే, అది వాళ్లు సరిచేసుకోవాల్సిన విషయం. ఎంపికయ్యాక భర్తకు చెప్పి ఒప్పించాలనుకుంటే మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. అలా మధ్యలో వెళ్లిపోయిన మంచి ఫెలోలను చూశాను, వాళ్ల స్థానం ఆ ఏడాది ఇంకెవరికీ దక్కలేదు.

మొదటిసారి రాకపోతే ఎందుకు రాలేదో అడుగుతూ మెయిల్ పెట్టండి. అందరూ జవాబివ్వరు, కొందరు రెండు మూడు లైన్లయినా రాస్తారు, అవి మళ్లీ రాసేటప్పుడు ఉపయోగపడతాయి. ఈలోపు హాజరు లెక్క మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టండి. క్రాసింగ్ సీజన్ మొదలయ్యాక వెనక్కి వెళ్లి జూన్ లెక్క తీయడం చాలా కష్టం. మీ తెలుగు డ్రాఫ్ట్ సిద్ధమయ్యాక, పిల్లల వివరాలు, ఊరి పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.